సైకిల్ పందేనికి సముద్రం దాటి

సింహాలు కనిపించాయా అని మాత్రం అడక్కండి. దక్షిణాఫ్రికా పోయొచ్చామని తెలిసినప్పటి నుంచీ బెల్లంకొండలో ప్రతివాళ్ళూ ముందు అడుగుతున్నది అదే. రెండో ప్రశ్న, ‘సైకిల్ తొక్కటానికి అంత దూరం పోవాలా, మనకు దార్లు లేవా?’ అని. మా పెదనాన్నయితే సూటిగా, ‘గెలిస్తే ఏమిస్తార్రా?’ అన్నాడు. ‘మాబోటి వాళ్ళకు ఏమీ ఇవ్వరు పెదనాన్నా, మనమే ఎదురు కట్టాలి’ అనేసరికి కండువా దులుపుకుని లేచిపోయాడు. మీరు అట్టా లేవకండి. టీ వస్తోంది, ఈలోపు చెబుతా.

ఆ పందెం పేరు సానీటూసీ. డ్రాకెన్స్‌బర్గ్ కొండల కింద హిమ్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర మొదలై, క్వాజులు-నటాల్ రాష్ట్రం మీదుగా దిగుకుంటూ స్కాట్‌బర్గ్ సముద్రపు ఒడ్డున ఆగుతుంది. మూడు రోజులు, దగ్గర దగ్గర 260 కిలోమీటర్లు. పేరులో సానీ కనుమ ఉన్నా ఆ కనుమ ఎక్కే పని లేదు. మొదలయ్యే చోటు సుమారు 1,500 మీటర్ల ఎత్తు కాబట్టి, ‘ఇంకేం, అంతా దిగుడే’ అనుకుంటారు కొత్తవాళ్ళు. దిగుడు నిజమే. కానీ దిగిన ప్రతి లోయకూ అవతల ఒక గట్టుంటుందిగా!

వెళ్ళింది నలుగురం. నేను, మా బావ, సత్తెనపల్లిలో లెక్కలు చెప్పే మాస్టారు, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మావాడొకడు. ఇందులో ఒంటరిగా తొక్కడం కుదరదు. ఇద్దరిద్దరు జట్టు కట్టాలి, దారంతా కలిసే సాగాలి. ఒకడు దూసుకుపోయి ముందు చేరినా లాభం లేదు, రెండోవాడు వచ్చాకే ఆ జట్టు వచ్చినట్టు లెక్క. నాకు బావ జట్టు. ఆయనకు ఎక్కుడు చులకన, నాకు దిగుడు ఇష్టం. గట్టు మీద ఆయన నాకోసం ఆగాలి, గట్టు కింద నేను ఆయన కోసం ఆగాలి. ‘ఇదేదో ఇద్దరం తిట్టుకోటానికి పెట్టిన పందెంలా ఉందిరా’ అన్నాడు మొదటిరోజే.

సాధన ఎక్కడంటారా? ఇక్కడే. మా కోటకొండ మీకు తెలుసుగా, రెడ్డిరాజుల నాటి కోట. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడు మీదికి దండెత్తినప్పుడు పట్టుకున్న కోటల్లో ఇదీ ఉంది. రాయలవారి సైన్యం ఎట్టా ఎక్కిందో కానీ, ఆ రాళ్ళలో మేం కొంత తొక్కి కొంత సైకిల్ భుజాన మోసి ఎక్కేవాళ్ళం. కొండ విసుగేస్తే పులిచింతల వైపు. జలాశయం నిండాక నీళ్ళ అంచున ఆగిపోయే పాత దార్లు అటు ఉన్నాయి. అదీ కాదంటే మిరప చేల మధ్య డొంకలు. ఎండాకాలం రెంటచింతల పేరు పేపర్లో వచ్చే రోజుల్లో తెల్లారకముందే బయల్దేరి, పొద్దెక్కేలోపు ఇల్లు చేరాల్సిందే. వానాకాలమైతే నల్లరేగడి చక్రానికి చుట్టుకుని ఫోర్కులో ఇరుక్కుని, సైకిల్ కదిలితే ఒట్టు. ఇక సర్కారు తుమ్మ ముళ్ళు! ట్యూబు లేని టైర్లు వేసి, లోపల పాలలాంటి సీలెంట్ పోశాక గానీ మాకు శాంతి లేదు. ముల్లు దిగితే ఆ పాలు చిమ్మి, చిల్లు దగ్గర గడ్డకట్టి అదే మూసుకుంటుంది. ఇది చూసి మా పంచర్ల షాపాయన, ‘ఇట్టాంటివి ఊళ్ళోకి తేకండయ్యా’ అని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

విమానంలో సైకిల్ ఎట్టా తీసుకుపోయారని అడిగేవాళ్ళకు ఒక్కమాట. సైకిళ్ళ షాపులో పెద్ద అట్టపెట్టె అడిగి తెచ్చుకోండి. చక్రాలు, హ్యాండిల్, పెడళ్ళు ఊడదీయాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, దాన్ని ఊడే వైపు అనుకుని బిగిస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. మాస్టారు తన పెట్టెలో ఖాళీ ఉన్నచోటల్లా కారప్పొడి పొట్లాలు కుక్కాడు. దుబాయ్ మీదుగా డర్బన్‌లో దిగేదాకా మా భయమంతా సైకిళ్ళ గురించి కాదు, ఆ పొట్లాలు పగులుతాయేమోనని.

మనకు మే అంటే వడగాడ్పులు. వాళ్ళకు అది చలికాలపు గుమ్మం. హిమ్‌విల్ దగ్గర తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. పల్నాడు వేళ్ళు బ్రేకు మీద వంగితేనా! ఎండ వచ్చాక అంతా సర్దుకుంది. గొడ్ల పొలాలు, పైన్ తోటలు దాటుకుంటూ సాయంత్రానికి ఇక్సోపో పక్కన మెకెంజీ క్లబ్ చేరాం. రాత్రి పడక గుడారాల్లో. పళ్ళెంలో ఏం పెట్టినా మాస్టారి పొట్లం దాని మీద పడాల్సిందే. పక్క గుడారం వాళ్ళు రుచి చూస్తామన్నారు. చూశారు. తర్వాత మంచినీళ్ళ కోసం పరిగెత్తారు.

రెండోరోజుది అసలు రుచి. కొండ అంచు నుంచి ఉమ్‌కోమాస్ నది లోయలోకి మెలికలు తిరుగుతూ ఒక్క సైకిలే పట్టేంత సన్నటి బాట. ముందువాడి వెనక చక్రం తప్ప మరేం చూడకూడదు, చూస్తే లోయ కనిపిస్తుంది. కింద నది మీద తేలే వంతెన వేశారు, తొక్కుతుంటే కాళ్ళ కింద ఊగుతుంది. దాని తర్వాత మొదలైన ఎక్కుడులో మాత్రం బావ తమాషాలు ఆగిపోయాయి, నా ఊపిరి కూడా ఆగినట్టే అయింది. అప్పుడు బావ తిట్టలేదు. పక్కనే చిన్న గేరులో, నాకంటే నెమ్మదిగా తొక్కుతూ, మిరప రేటు గురించి మాట్లాడుతూ గట్టు దాటించాడు.

ఇప్పుడు మా పెదనాన్న వినాల్సిన సంగతి. ఈ పందేన్ని 2005లో మొదలుపెట్టింది గ్లెన్ హా అనే రైతు. అక్కడి బడికి డబ్బు పోగు చేద్దామని పెట్టాడు. ఇప్పటికీ ఒక్కో మజిలీ దగ్గర నీళ్ళు, నారింజలు, ఉప్పద్దిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు ఇచ్చేది ఆ చుట్టుపక్కల బళ్ళవాళ్ళు, ఊళ్ళవాళ్ళు. పొలాల గట్లు తెరిచి దారిచ్చేది రైతులు. కోటప్పకొండ తిరునాళ్ళలో ఏ ఊరి ప్రభ ఆ ఊరు కట్టుకున్నట్టు, ఏ మజిలీ పని ఆ ఊరిదే. వేలమంది వస్తారు, ఖర్చుపెడతారు, ఆ డబ్బులో వాటా బడికి చేరుతుంది.

మూడోరోజు సముద్రం వైపు దిగుతుంటే గాలి మారింది. వెచ్చదనం, తేమ, ఆపైన మనిషిని మింగేంత ఎత్తు చెరుకు తోటలు. ఆ చెరుకులో తొక్కుతూ నలుగురం గమ్మునయ్యాం. ఎందుకో చెబుతా. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, చెరుకు తోటల్లో పనికి మనవాళ్ళను దింపింది. 1911 దాకా అట్టా గిర్మిట్ కూలీలుగా వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ఐదేళ్ళ ఒప్పందం, మొదట్లో నెలకు పది షిల్లింగులు. వాళ్ళలో తెలుగువాళ్ళు వేలల్లో, ఎక్కువమంది ఉత్తరాంధ్ర వైపు వాళ్ళు. అందుకే ఆ దేశంలో నాయుడు, రెడ్డి అన్న పేర్లతో పాటు అప్పలసామి అన్న ఇంటిపేరూ ఉంది. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మేం సరదాకి తొక్కిన నేల అది. వాళ్ళు కొడవలి పట్టుకుని, తిరిగి వస్తామో రామో తెలియక నిలబడ్డ నేల.

స్కాట్‌బర్గ్ ఇసుకలో గీత దాటాం. ఎన్నో స్థానమని అడక్కండి, వెనకవాళ్ళు కూడా ఉన్నారు, అది చాలు. డర్బన్‌లో బన్నీ చౌ తిన్నాం. రొట్టె లోపలంతా తొలిచేసి కూర నింపిస్తారు. అక్కడి మనవాళ్ళ వంటే. కూరలో కారం తక్కువని మాస్టారి ఫిర్యాదు.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆ దారిలో మనకు లేనిది ఒక్క సముద్రమే. మనకు కోటుంది, కొండుంది, కృష్ణ ఒడ్డుంది, డొంకలున్నాయి. సంక్రాంతి వెళ్ళాక మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంటాయి, ఎండ కూడా మితంగానే ఉంటుంది. అప్పుడు బెల్లంకొండ చుట్టూ ఒకరోజు సైకిల్ పందెం పెడితే, మజిలీకో ఊరు బాధ్యత తీసుకుంటే, వచ్చిన డబ్బు మన బడికిస్తే కాదనేవాళ్ళెవరు? మాస్టారు అప్పుడే కాగితం మీద ఖర్చులు వేస్తున్నాడు. మొన్న పెదనాన్న మళ్ళీ వచ్చి, ఈసారి కండువా దులపకుండా కూర్చుని, ‘మజిలీలో బజ్జీలు మనింటి నుంచి’ అన్నాడు. పచ్చిమిర్చి బజ్జీలే సుమా, ముందే చెబుతున్నా. మీరూ ఒక జట్టు చూసుకోండి.