పందుంపుల్ల, పుచ్చుపన్ను

మా కోయగూడేల్లో పెద్దలు ఇప్పటికీ వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలతో పళ్లు తోముకుంటారు. పుల్ల కొస నమిలి కుంచెలా చేసుకోవడం మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, చూసి నేర్చుకున్నాం. పందుంపుల్ల వాడకాన్ని ప్రోత్సహించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. వేప రసం నోటిలోని సూక్ష్మజీవుల్ని తగ్గిస్తుందని ప్రయోగశాలల్లోనూ తేలింది.

మరి మా బడి పిల్లల దవడపళ్లు ఎందుకు నల్లబడుతున్నాయి? గూడెం మొదట్లో ఉన్న కొట్టు చూస్తే తెలుస్తుంది. మా చిన్నతనంలో ఇప్పపువ్వు తీపి వేసవిలో కొద్దిరోజులే. ఇప్పుడు రూపాయికో చాక్లెట్, రోజూ. ఆ తీపిని తిని క్రిములు ఆమ్లం తయారుచేస్తాయి. అది పంటి పైపొరను కరిగిస్తుంది. ఆ పొరను గట్టిపరిచే ఫ్లోరైడ్ పేస్టులో ఉంది. ఆ పని పుల్లతో కాదు.

లవంగనూనె నొప్పిని కాసేపు అణుస్తుంది, పుచ్చును పూడ్చదు. నొప్పి తగ్గింది కదా అని తల్లిదండ్రులు ఊరుకుంటారు. పైగా "పాలపన్నే, ఊడిపోతుందిలే" అంటారు. ఆరేళ్లకు పాలపళ్ల వెనక వచ్చే దవడపన్ను పాలపన్ను కాదు. అది పోతే మళ్లీ రాదు. అలాంటి పిల్లను పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకుండా మన మందు గొప్పదని చెప్పుకోవడం మాకు నచ్చదు.

అలాగని చెట్ల పేర్లు మరిచిపోనివ్వం. ఈ ఏడాది మా ఐదో తరగతి పిల్లలు ఇంటింటికీ వెళ్లి అవ్వల్నీ తాతల్నీ అడిగి రాస్తున్నారు: ఏ చెట్టు, కోయలో దాని పేరేమిటి, దేనికి వాడతారు. పక్క గడిలో ఆ ఇంటి పిల్లల పుచ్చుపళ్ల లెక్క.