తగ్గించి తోలితే మిగిలేది

మన ఊళ్ళో ఎన్నో ఇళ్ళు ట్రాక్టరు మీదే బతుకుతున్నాయి. కిస్తీలు తీరకముందే ఇంజను బోరుకొస్తే ఆ ఇంటి కష్టం ఎంతో మనకు తెలుసు. అందుకే ఈ వారం ఈ మాట చెప్పుకుందాం.

ఖాళీ ట్రక్కు లాగేటప్పుడు, తేలిక నేలలో గొర్రు తోలేటప్పుడు కూడా మనం చిన్న గేరులో యాక్సిలేటరు నిండా ఇచ్చేస్తాం. చప్పుడు పెరిగితే పని పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ ఒక గేరు పైకి వేసి యాక్సిలేటరు తగ్గిస్తే బండి అదే వేగంతో పోతుంది. ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది. లోపల రాపిడి తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది.

అయితే తగ్గించడమంటే ఇంజనును నలగగొట్టడం కాదు. నల్లపొగ కక్కుతూ మూలిగితే వెంటనే గేరు దించాలి. పి.టి.ఓ. నిమిషానికి 540 చుట్లు తిరగాలని చెప్పిన రోటావేటరుకు, నూర్పిడి మిషనుకు ఆ వేగం ఇవ్వాల్సిందే.

బరువు ఎంతో చూసుకుని బలం వాడాలి. చేతికి వచ్చినదాన్ని అరగదీయకుండా వాడుకోవడం కూడా నమ్మకత్వమే. రేపు బండి ఎక్కే తమ్ముళ్ళారా, ముందు ఇంజను చప్పుడు వినండి, ఆ తర్వాతే యాక్సిలేటరు మీద చెయ్యి వేయండి.