ముంత గుర్తు

మా వీధిలో పదునొకండుగురు స్త్రీలము కలిసి పొదుపు సంఘ మొకటి నడుపుకొనుచున్నాము. నెలకు తలకు 500 రూపాయలు. లెక్కలు మొదట అట్టపుస్తకములో నుండెడివి. రెండేండ్ల క్రిందట మా అమ్మాయి, తాను నేర్చిన జావాస్క్రిప్టు విద్య యింటికిని కొంత యుపయోగపడవలెనని, ఆ లెక్కలను బ్రౌజరులో తెఱచి చూచుకొనునట్లు చిన్న వెబ్ అప్లికేషను వ్రాసిపెట్టినది. సభ్యురాలి ఫోటోపై నొక్కి, సొమ్మెంతో వేసి, జమ మీట నొక్కిన చాలును. మా అత్తగారు అక్షరములు కూడబలుకుకొని చదువుదురు గాని అంకెలలో నెవ్వరికిని తీసిపోరు. మధ్యాహ్నవేళ యింట నుండువారు వారే కనుక సొమ్ము పుచ్చుకొని జమ వేయుపని వారిదైనది.

ఇట్లు సాగుచుండగా గత శ్రావణమాసములో పాలుపోయు నామె పేర జమ కనబడలేదు. ‘పెద్దమ్మగారి చేతికే యిచ్చితి’ నని యామె. ‘పుచ్చుకొని నేనే వేసితి’ నని అత్తగారు. కంప్యూటరులో మాత్రము సున్న. సొమ్ము పెట్టెలో హెచ్చుగా నుండవలెను గదా యందురేమో. ఆ పెట్టెనుండియే యింటి ఖర్చునకు నోట్లు మార్చుకొనుట మా దురలవాటు. కావున పెట్టె సాక్ష్యము చెల్లలేదు. యంత్రము పొరబడదని మేము నమ్మితిమి. నమ్మి యూరకుండక, ‘పోయిన నెల యిచ్చినది ఈ నెలదిగా తలచుచున్నావేమో’ యని పదిమంది యెదుట అంటిమి. ఆమె మాఱు పలుకలేదు. ఇచ్చిన కాఫీయైనను ముట్టక లేచిపోయినది.

నాలుగు దినములకు మా అమ్మాయి ఆ 500 రూపాయలను కనిపెట్టినది. అత్తగారు జమ వేసినమాట నిజమే. వేసినది వేఱొకచోట.

బ్రౌజరు పైభాగమున, తెఱచిన పుటల కొక్కొక్కటిగా నిలుచు పట్టీలను ట్యాబులందురు. ప్రతి ట్యాబునకు మొదట చిన్న బొమ్మ, ప్రక్కన పేరు నుండును. ట్యాబులు పెరిగినకొలది పేర్లు కుఱుచలై తుదకు బొమ్మలే మిగులును. మా అమ్మాయి అసలు లెక్కలను, మార్పులు చేసి చూచుకొనుటకు తాను పెట్టుకొన్న నకలును ప్రక్కప్రక్కనే తెఱచి యుంచెడిది. రెంటికిని ఒకే బొమ్మ, మెరుపు గుర్తు. అది మా సంఘపు గుర్తు కాదు. అప్లికేషను కట్టుటకు వాడిన ‘వీట్’ అను పనిముట్టు తన గుర్తును తానే పెట్టి యిచ్చినది. క్రొత్త స్టీలుగిన్నెకు అంటించిన కంపెనీ కాగితమును ఊడదీయక వాడుకొన్నట్లు మేము దానినే యుంచుకొంటిమి. అత్తగారు చదువునది పేరును కాదు, బొమ్మను. ఒకే బొమ్మ గల రెండు తలుపులలో వారు రెండవ తలుపు తట్టిరి. వారి తప్పేమున్నది?

ఈ చిన్న బొమ్మను ఫేవికాన్ అందురు. 1999లో మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు అయిదవ కూర్పుతో ఇది వచ్చినది. తమ కిష్టమైన పుటలను ‘ఫేవరిట్స్’ అను పట్టికలో దాచుకొన్నపుడు వాని ప్రక్కన కనబడుటకు ఉద్దేశింపబడుటచేత ఆ పేరు. ఆ కాలమున ఎవరైన పుటను దాచుకొన్నపుడే బ్రౌజరు బొమ్మ కొఱకు అడిగెడిది గనుక, అది యెన్నిమారులు అడుగబడెనో లెక్కించి, తమ పుట నెందఱు మెచ్చిరో యజమానులు అంచనా వేసుకొనెడివారట! నేటి బ్రౌజరులు ఎవరును చెప్పకున్నను తామే అడుగుచుండును.

మా గుర్తు మేమే గీసెదమని పట్టుపట్టితిమి. మొదట ఎనిమిది రేకుల పద్మపు ముగ్గు వేసి యిచ్చితిమి. కాగితముపై ముచ్చటగా నుండెను. ట్యాబులో చూడగా బూడిద చల్లినట్లు కనబడెను. ‘అమ్మా! అక్కడ నున్నది అడ్డము 16, నిలువు 16 చుక్కలే; మొత్తము 256. అందులో నీ పద్మ మెట్లు పట్టును?’ అని మా అమ్మాయి నవ్వినది. గడులు లెక్కించి గుడ్డపై క్రాసుకుట్టు కుట్టినవారికి అంతమాత్రము తెలియదా? గళ్ల కాగితము తెచ్చి, గడికొక రంగు చొప్పున, సొమ్ము దాచుకొను మట్టిముంతను దింపితిమి. పైన నల్లని చీలిక, పొట్ట గుండ్రము, అంతే. మట్టిరంగు ముంత నల్లని ట్యాబుపై మాయమగుచున్నదని తెలిసి, వెనుక పసుపుపచ్చ నింపితిమి. ఫోనులో దాచుకొనువారి కొఱకు 180, 192, 512 చుక్కల కొలతలతో పెద్దవియు చేయవలసివచ్చినది గాని, పెద్దది గీయుట సులభము, చిన్నదే కష్టము.

బొమ్మను చేర్చుటయందును చిక్కులు లేకపోలేదు. ఇటువంటి అప్లికేషనునకు హెచ్‌టీఎంఎల్ పుట యొక్కటియే. లోపల కనబడునదంతయు జావాస్క్రిప్టు అప్పటికప్పుడు గీయునదే. కావున గుర్తును ఆ యొక్క పుట శిరోభాగమున, ‘లింక్’ అను పంక్తిలో, ‘ఐకాన్’ అని చెప్పి, బొమ్మ యుండు దారితో వ్రాయవలెను. బొమ్మను ‘పబ్లిక్’ అను సంచిలో నుంచినచో పేరు మాఱక అట్లే పోవును. మా అమ్మాయి దారికి ముందుండవలసిన ఏటవాలుగీత మఱచినది. మొదటి పుటలో ముంత వచ్చెను. ఒక సభ్యురాలి లెక్క తెఱచి మరల తాజా చేయగా పోయెను! గీత లేనందున బ్రౌజరు ఆ లోపలి దారిలోనే బొమ్మను వెదకినది. తెలియని దారి నడిగినవారికి మా సర్వరు ఎప్పుడును ఆ మొదటి పుటనే యిచ్చును గనుక, బొమ్మ నడుగగా పుట వచ్చినది. గీత పెట్టగా సరిపడెను.

అటుపిమ్మట అత్తగారి కంప్యూటరులో మరల ఆ మెరుపే! బ్రౌజరులు ఒకసారి చూచిన గుర్తును దాచుకొని, అడిగినపు డెల్ల పాతదానినే చూపుచుండును. బొమ్మ పేరు మార్చి, పంక్తిలోను మార్చిన పిదపనే అది వదలినది. నకలునకు ఏ గుర్తు పెట్టుదమని యడుగగా అత్తగారు చీపురుకట్ట పెట్టుమనిరి. పదునాఱు గడులలో చీపురు ముంతకన్న బాగుగా కుదిరినది.

పాలామె యింటికి మేమే పోయితిమి. గుర్తుల కథ చెప్పబోగా ఆమె, ‘అవన్నీ నా కెందు కమ్మా, నన్ను పదిమందిలో అన్నారు గదా’ అనెను. మరుసటి ఆదివారము ఆ పదిమందిని పిలిచి తప్పు మాదని చెప్పితిమి. ఆమె సంఘము వదలలేదు. ఇప్పుడు సొమ్ము తెచ్చినపుడెల్ల అత్తగారు ట్యాబు చూపి, ‘ఇదిగో ముంత, చూడు’ అందురు. ఆమె చూచును. చూచి, కాగితముపై చీటీ వ్రాసి యిమ్మని యడుగును. మేమును వ్రాసి యిచ్చుచున్నాము.