మాత్రల పట్టీ ఎవరి చేతిలో వుండాలి?

గౌలిపురాలో మా పుట్టింటి మెట్లకింద ఒక గూడు వుంది. కుట్టుసామాను, కరెంటు రసీదులు, అమృతాంజనం డబ్బా అన్నీ అందులోనే వుండేవి. మా వదిన మాత్రలు కూడా అందులో పెట్టమని చెప్పింది నేనే. ముప్ఫై ఏళ్ళపాటు వార్డుల్లో మందుల బల్లకు తాళం వేసి తిరిగినదాన్ని, సొంత ఇంటికి వచ్చేసరికి ఆ పొరపాటు చేశాను.

వదినకు వచ్చింది దిగులు జబ్బు అని మేము చాలా ఆలస్యంగా గుర్తించాం. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేది. అన్నం సహించేది కాదు. బోనాలకు లాల్‌దర్వాజా అంతా డప్పులతో మోగిపోతుంటే ఆవిడ గదిలోంచి బయటికి రాలేదు. "వొంట్లో నీరసం" అంటూ అన్నయ్య టానిక్కు సీసాలు తెచ్చాడు. మానసిక వైద్యుడికి చూపిద్దామన్నాను. "ఎర్రగడ్డకా?" అని ఇల్లంతా బెదిరిపోయింది. ఒక పేట పేరు మన వూళ్ళో తిట్టయి కూర్చుంది. ఆ మాటకు భయపడి ఎంతమంది వైద్యానికి దూరమయ్యారో!

ఎలాగో ఒప్పించి తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఇ.సి.జి. తీయించారు. కంట్లో నీటికాసులు వున్నాయా, మూత్రం సాఫీగా వస్తుందా, ఇంకే మందులు వాడుతున్నారు అని అడిగారు. రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమని అమిట్రిప్టిలిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఇలాంటి ప్రశ్నలు డాక్టర్లు వూరికే అడగరు. గుండెపోటు వచ్చి తేరుకుంటున్నవారికి, నీటికాసులున్నవారికి, ప్రోస్టేటు పెరిగిన మగవారికి ఈ మందు కీడు చేయవచ్చు. కనుక దాచకుండా చెప్పాలి.

దీన్ని ట్రైసైక్లిక్ మందు అంటారు. అణువులో మూడు వలయాలు వుంటాయి గనుక ఆ పేరు. ఈ జాతిలో మొదటిది ఇమిప్రమిన్. స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అనే డాక్టరు దాన్ని స్కిజోఫ్రీనియాకు వాడి చూశాడు. ఆ జబ్బుకు అది పనికిరాలేదు గాని దిగులుతో కుంగినవాళ్ళు తేరుకున్నారు. 1957లో ఆ సంగతి ప్రకటించాడు. ఇప్పుడు దిగులుకు డాక్టర్లు ముందుగా రాసేవి దీని తరువాత వచ్చిన మందులే. అయినా ఇది మూలపడలేదు. మైగ్రేను తలనొప్పికి, చక్కెర జబ్బువాళ్ళ అరికాళ్ళ మంటలకు తక్కువ మోతాదులో ఇస్తూనే వున్నారు. మా పక్కింటి ఖాలాకు 10 మిల్లీగ్రాములది ఇచ్చారు. ఇది దేనికి వాడతారో ఎవరో చెప్పారట. "క్యా సిస్టరమ్మా, మై పాగల్ హూఁ క్యా?" అని నా మీదికి వచ్చింది. నరాల నొప్పికీ ఇదే మందని నచ్చజెప్పడానికి రెండు కప్పుల చాయ్ పట్టింది. రాత్రి మాత్ర గనుక రంజాను రోజాకు అడ్డురాదు గాని, పగలు నోరు మరీ ఎండుతుంది. ఉపవాసాలకు ముందే డాక్టరును అడగమని చెప్పాను.

ఈ మందుతో తిరకాసంతా ఏమిటంటే, కష్టం ముందు వస్తుంది, సుఖం తరువాత వస్తుంది. మొదటిరోజు నుంచే నాలుక అట్టకట్టినట్టయిందని వదిన గోల. మలబద్ధకం. సూదిలో దారం ఎక్కడం లేదు. నాలుగోనాడు పక్కమీంచి చప్పున లేచి కళ్ళు తిరిగి పంపు దగ్గర పడింది. "ఈ మందు వద్దు" అన్నాడు అన్నయ్య. మనసు తేలికపడటానికి రెండు మొదలు నాలుగు వారాలు పడుతుంది, అప్పుడే మానకూడదని నేనే సర్దిచెప్పాను. లేచేముందు కాళ్ళు కిందికి వేసి కాసేపు మంచం పట్టెమీద కూర్చోమన్నాను. గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగమన్నాను. ఆకుకూరలు, పళ్ళు పెట్టించాను. మూత్రం బిగిస్తే మాత్రం చిట్కాలతో కాలక్షేపం చేయకండి, ఆరోజే చూపించాలి. కల్లు, సారా అలవాటున్నవారికి మత్తు రెట్టింపవుతుంది.

రెండు వారాలకు డాక్టరుగారు మోతాదు పెంచి వేరే పట్టీ రాశారు. పాత పట్టీలు మిగిలిపోయాయి. వాటి సంగతి ఎవరూ ఆలోచించలేదు, నేను కూడా.

మూడోవారం ఒక శుక్రవారం వెళ్ళేసరికి వదిన తలంటుకుని, జడ వేసుకుని, బీరువా సర్దుతున్నది. ఈ చీర పెద్దదానికి, ఈ గొలుసు చిన్నదానికి అని మూటలు కడుతున్నది. "చూశావా, మందు గుణమిచ్చింది!" అన్నాడు అన్నయ్య సంతోషంగా. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. ఆ వెంటనే కాళ్ళు చల్లబడ్డాయి. వార్డులో మాకు మొదట నేర్పే పాఠం ఇదే. ఈ మందుకు మనసుకన్నా ముందు కాలూ చెయ్యీ కోలుకోవచ్చు. లేవలేని రోజుల్లో ఆలోచనగానే మిగిలిపోయింది, ఓపిక రాగానే పనిగా మారవచ్చు. ఇంట్లోవాళ్ళు తేలిగ్గా వూపిరి తీసుకునే వారమే నర్సు ఎక్కువ కనిపెట్టి వుండవలసిన వారం.

పక్కన కూర్చుని సూటిగా అడిగాను. "వదినా, చచ్చిపోవాలనిపిస్తున్నదా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్ళు లేకనే లోపల కుమిలిపోతారు. వదిన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గూడువైపు చూసి, "నీకెలా తెలిసింది అమ్మాయ్?" అన్నది.

పాత పట్టీలు గూట్లో లేవు. బొట్టుపెట్టెలో, అద్దం వెనక వున్నాయి.

వెంటనే డాక్టరుగారికి ఫోను చేశాం. ఆ రాత్రి నేను ఆవిడ పక్కనే పడుకున్నాను. మర్నాడే తీసుకెళ్ళి చూపించాం. అప్పటినుంచి వారానికి సరిపడా మందే తెచ్చేవాళ్ళం. మాత్ర నేను చేతికిచ్చి, మింగిందాకా చూసి, ఆ తరువాతే కదిలేదాన్ని. మోతాదు మించితే ఈ మందు గుండె లయను చెడగొడుతుంది. మొదట కొంతసేపు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. అది చూసి మోసపోకండి. వాంతి చేయించాలని చూడకండి. 108కి ఫోను చేయండి. మా పాతబస్తీవాళ్ళయితే మూసీ వంతెన దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి. గుండెను కనిపెడుతూ అవసరమైతే నరంలోకి సోడియం బైకార్బొనేటు ఎక్కిస్తారు. అది ఇంట్లో జరిగే పని కాదు. పసిపిల్లలకు ఒకటి రెండు మాత్రలు కూడా ప్రాణాపాయమే. పోలీసు కేసవుతుందని దాచేవాళ్ళున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంటుంది 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం. డాక్టరు అందుబాటులో లేని వేళ మాట్లాడటానికి 14416 నంబరుకు చేయవచ్చు. అది ప్రభుత్వంవారి టెలిమానస్, 2022లో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు.

వదిన ఆరువారాలకు నిద్రపోయింది. నిజమైన నిద్ర. మందు మాత్రం అప్పుడే ఆపలేదు, చాలా నెలలు వాడి, డాక్టరుగారు చెప్పిన ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించారు. ఉన్నట్టుండి మానితే వికారం, తలనొప్పి, నిద్రలేమి పట్టుకుంటాయి. మాత్రలు బీరువాలో పెట్టి తాళంచెవి నా కొంగుకు కట్టుకున్న రోజుల్లో ఆవిడకు నామీద కోపంగానే వుండేది. "నన్ను దొంగను చేశావు" అనేది. మొన్న బోనాలకు వెళితే ఆ మాట గుర్తుచేసి నవ్వింది. గూట్లో కుట్టుసామానుంది, రసీదులున్నాయి. అమృతాంజనం డబ్బా కూడా ఇప్పుడు బీరువాలోకి చేరింది, అది అన్నయ్య చాదస్తం.