బొగ్గుబండికి కళ్ళెం

రామకృష్ణాపూర్ ప్రజలకు బొగ్గును గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. మంచిర్యాల, మందమర్రి స్టేషన్ల నడుమ ఉన్న రవీంద్రఖని మీదుగా కాజీపేట–బల్లార్షా మార్గంలో బొగ్గుబండ్లు సాగిపోవడం వారికి నిత్యదర్శనం. ఒకప్పుడు ఈ మార్గంలో బండ్లను లాగినది ఆవిరి ఇంజను. బొగ్గును మోసినదీ, ఆ బొగ్గునే తిని బతికినదీ అదే.

ఆవిరి ఇంజను అనగానే మనస్సులో మెదిలేవి పొగ, కూత, బలం. అది ఎట్లా కదిలినదో పాఠశాల విద్యార్థి సైతం చెప్పగలడు. ఎట్లా ఆగినదో చెప్పగలవారు అరుదు. నిజానికి డ్రైవరుకు నిద్ర పట్టనీయని ప్రశ్న ఆ రెండవదే.

1950 నవంబరు 1న చిత్తరంజన్ కర్మాగారం నుండి వెలువడిన తొలి ఇంజను ‘దేశబంధు’ డబ్ల్యు.జి. తరగతికి చెందినది. 1970 వరకు తయారైన ఈ తరగతి ఇంజన్లు దేశమంతటా సరుకు రవాణాకు వెన్నెముకగా నిలిచాయి. వాటి వెనుక సాగే వ్యాగన్లను ఆపినది వాక్యూమ్ బ్రేకు. దాని పద్ధతి వింతగా తోస్తుంది. బ్రేకు వేయడానికి బలం ప్రయోగించరు. బ్రేకు పడకుండా ఉంచడానికే నిరంతరం శ్రమిస్తారు. ఇంజనులోని ఎజెక్టర్ అనే సాధనంలో ఆవిరి వేగంగా దూసుకుపోతూ, బండి పొడవునా ఉన్న గొట్టంలోని గాలిని తనతో ఈడ్చుకొనిపోయి పొగగొట్టం ద్వారా వెలికి పంపుతుంది. గొట్టంలో శూన్యం ఉన్నంతవరకు ప్రతి వ్యాగన్ కింది సిలిండరులో ముషలకం తన బరువుతో కిందికి దిగి ఉంటుంది. చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. డ్రైవరు గొట్టంలోకి గాలిని వదిలిన క్షణాన ఆ గాలి ముషలకాన్ని పైకి నెడుతుంది. ఇనుప దిమ్మలు చక్రాలను పట్టుకుంటాయి.

గొట్టం తెగినా, బండి రెండు ముక్కలైనా జరిగేది ఇదే. గాలి తనంత తానే లోనికి చొరబడి రెండు ముక్కలనూ ఆపుతుంది.

ఈ ఏర్పాటు విలువను లోకం ప్రాణాలు చెల్లించి తెలుసుకున్నది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా సమీపంలో, విహారయాత్రకు బయలుదేరిన పిల్లలతో నిండిన రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. సిబ్బంది దానిని రెండుగా విడదీశారు. దానికి ఉన్నది శూన్యం ఏర్పడితే పడే బ్రేకు. ఇంజనుతో సంబంధం తెగగానే అది నిష్ప్రయోజనమైంది. వెనుక పెట్టెలు వాలున జారి, వెంట వస్తున్న మరొక రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది మరణించారు. ఆ యేడే బ్రిటన్ ప్రయాణికుల రైళ్ళకు స్వయంచాలక బ్రేకును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. నిజాం రైలుమార్గం బెజవాడ చేరినది కూడా 1889లోనే.

గని కార్మికునికి ఈ భయం పరాయిది కాదు. వాలులో తాడు తెగితే బొగ్గు టబ్బులు ఎంతటి వేగంతో వెనుకకు దూకుతాయో అతనికి తెలుసు. అందుకే ఎక్కే టబ్బుల వెనుక బ్యాక్‌స్టే అనే ఇనుప ఊతను తగిలిస్తారు. పైన రైలుకైనా, భూగర్భంలో టబ్బుకైనా ప్రశ్న ఒక్కటే: బంధం తెగిన తరువాత దానిని పట్టుకొనేది ఏది?

వాక్యూమ్ బ్రేకుకు లోపాలు లేకపోలేదు. శూన్యంలోకి తోసుకువచ్చే వాతావరణ పీడనమే దాని బలమంతా. అది చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించదు. బండి పొడవు పెరిగినకొద్దీ చివరి వ్యాగన్ వరకు గాలి చేరడం ఆలస్యమవుతుంది. గొట్టాల అతుకుల్లో చిన్న చిల్లులున్నా శూన్యం నిలువదు. దానిని నిలపడానికి మరింత ఆవిరి, ఆ ఆవిరికి మరింత బొగ్గు, ఆ బొగ్గుకు ఫైర్‌మన్ భుజాలు. ఎన్ని సిలిండర్లు పనిచేస్తున్నవో పరీక్షించి రాసిన పత్రాన్ని చూడనిదే బండిని కదిలించకపోవడం కేవలం లాంఛనమని కొందరు అనుకోవచ్చు. వాలులో బండిని దించవలసినవానికి అది లాంఛనం కాదు. వెనుక బ్రేకువ్యానులో ఒంటరిగా కూర్చున్న గార్డుకూ కాదు. అతని ఎదుట శూన్యాన్ని చూపే మీటరు, చేతికందే దూరంలో గాలిని వదిలే కవాటం, చేతిబ్రేకు చక్రం ఉండేవి.

1980వ దశకం నుండి బాక్స్ ఎన్ వ్యాగన్లతో గాలిబ్రేకులు వచ్చాయి. గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉండటంతో 58 వ్యాగన్ల బండిని సైతం ఆపడం సాధ్యమైంది. 1995 డిసెంబరులో బ్రాడ్‌గేజి ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజన్ల యుగం ముగిసింది. శూన్యం పోయి దాని చోటికి పీడనం వచ్చింది; అయినా గొట్టం తెగితే బ్రేకు పడటం మాత్రం మారలేదు.