బాడ్మిన్ బీడులో ఒక సత్రం

ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ సీమలో, లాన్సెస్టన్, బాడ్మిన్ పట్టణాల నడుమ విశాలమైన బీడు ఒకటి ఉన్నది. చెట్ల నీడ అరుదు. గాలికి అడ్డు లేదు. ఆ మెట్టనేల మీద బోల్వెంటర్ అనే చిన్న ఊరిలో, పలకరాళ్లు తాపిన గోడలతో నిలిచి ఉన్న పాత సత్రమే జమైకా ఇన్. గుర్రపుబండ్ల ప్రయాణికుల కోసం 1750లో దీనిని కట్టారు. జమైకా ద్వీపానికి గవర్నర్లను అందించిన స్థానిక ట్రెలానీ వంశాన్ని బట్టి దీనికి ఆ పేరు వచ్చినదని చెబుతారు.

1930లో డాఫ్నే డు మారియర్ అనే యువ రచయిత్రి స్నేహితురాలితో కలిసి ఇక్కడ బస చేశారు. గుర్రాలపై బీడులోకి వెళ్లిన ఆ ఇద్దరూ దారి తప్పారు. చీకటి కమ్మినది. చివరకు కళ్లేలు వదిలివేయగా, గుర్రాలే వారిని సత్రానికి చేర్చాయి. 1936లో ‘జమైకా ఇన్’ నవల వెలువడినది.

నవలలోని కాలం 19వ శతాబ్దపు తొలినాళ్లు. కథానాయిక మేరీ యెల్లన్ వయస్సు 23 ఏళ్లు. తండ్రి ఏనాడో పోయాడు. తల్లి కూడా కన్నుమూయగా, ఆమెకిచ్చిన మాట ప్రకారం పచ్చని హెల్ఫర్డ్ తీరాన్ని వదలి, తల్లి తోబుట్టువైన పేషెన్స్ ఇంటికి బయలుదేరినది. ఒకనాడు నవ్వుతూ తుళ్లుతూ ఉండిన పేషెన్స్ ఇప్పుడు భర్త అడుగుల చప్పుడుకే వణికే మనిషి. ఆ భర్త జాస్ మెర్లిన్ భీకరాకారుడు, తాగుబోతు. సత్రంలో దిగే ప్రయాణికుడు లేడు. అర్ధరాత్రి మాత్రం బండ్లు వస్తాయి.

మేరీ పారిపోవచ్చు. కానీ పేషెన్స్‌ను ఆ ఇంట ఒంటరిగా వదలి వెళ్లలేకపోయినది. ఆశ్రయం కోరి వచ్చిన అనాథే, ఆశ్రయమీయవలసిన పెద్దకు అండగా నిలిచినది. ఈ నవలలో ఒక యువతి ఎదగడమంటే ఇదే. ఇక్కడి ఊబి నేలలు ప్రమాదకరమైనవే. అయినా దారి తెలిసినవారిని అవి ఏమీ చేయవు. ఇంటి గోడల నడుమ ఉన్న భయానికి అటువంటి దారి లేదు. మృదువుగా మాటాడేవారందరూ రక్షకులు కారనీ, కటువుగా కనిపించేవారందరూ శత్రువులు కారనీ మేరీ కష్టపడి తెలుసుకొంటుంది.

దొంగదీపాలతో ఓడలను రాళ్లపైకి రప్పించే ముఠా ఈ కథకు మూలం. కార్న్‌వాల్‌లో దొంగరవాణా జరిగినమాట, పగిలిన ఓడల సరుకును తీరవాసులు ఎత్తుకుపోయినమాట నిజమే. దీపాలతో మోసగించి ఓడలను ముంచారనేందుకు మాత్రం చరిత్రకారులకు గట్టి ఆధారాలు అంతగా దొరకలేదు. మరొక వింత ఏమంటే, రచయిత్రి బస చేసిననాడు ఆ సత్రంలో మద్యమే అమ్మేవారు కాదు.

ఇప్పుడు పెద్ద రహదారి ఊరి పక్కగా సాగిపోతున్నది. సత్రంలో దొంగరవాణా ప్రదర్శనశాల ఉన్నది. రచయిత్రి స్మారకంగా ఒక గది ఉన్నది. సమీపాన ఉన్న డోజ్మరీ సరస్సులోనే ఆర్థర్ రాజు ఖడ్గాన్ని విసిరివేశారని ఐతిహ్యం. కొంత దూరాన 420 మీటర్ల ఎత్తున బ్రౌన్ విల్లీ శిఖరం, ఆల్టర్నన్ గ్రామంలో పురాతనమైన చర్చి చూడదగినవి.

పొగమంచు దిగిన వేళ సందర్శకులు తొందరగా సత్రపు దీపాల వైపు నడుస్తారు. వారికి ఆ తలుపు వెనుక వెచ్చని గది, వేడి భోజనం ఉన్నాయి. అదే తలుపు ముందు నిలిచిన మేరీకి అవి లేవు.