టోక్యోలో నాన్న దరువు

టోక్యో వెళ్తే అందరూ షిబుయా క్రాసింగ్ చూస్తారు. నేను ఆఫీస్ పని అయ్యాక చువో లైన్ రైలెక్కి ఒచనొమిజులో దిగాను. స్టేషన్ నుంచి కిందికి దిగే వీధి పొడవునా వాయిద్యాల షాపులే. ఎటు చూసినా గిటార్లు.

ఓ సెకండ్ హ్యాండ్ షాపులో కనిపించింది రోలాండ్ టీఆర్-808. 1980లో వచ్చిన డ్రమ్ మెషీన్. 1983లోనే తయారీ ఆపేశారు. హిప్‌హాప్ మాత్రం దాన్ని ఇప్పటికీ వదల్లేదు. షాపతను హెడ్‌ఫోన్స్ ఇచ్చి, వాయించమని సైగ చేశాడు.

కింద వరసగా 16 బటన్లు. ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు... రంగుకి నాలుగు. నాబ్ తిప్పి బేస్ డ్రమ్ ఎంచుకుని స్టార్ట్ నొక్కాలి. ఏ బటన్ నొక్కితే ఆ చోట దెబ్బ పడుతుంది. మళ్లీ నొక్కితే మాయం. మన కోడింగ్ లాంటిదే: 1 లేదా 0.

మా నాన్న పెళ్లి బ్యాండ్‌లో డ్రమ్ కొట్టేవాడు. ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వచ్చాక పిలుపులు తగ్గాయి. నేను ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా డ్రమ్ అటకెక్కింది. ఇలాంటి పెట్టెల మీద నాకు కోపమే ఉండాలి. అయినా ఆయన బరాత్ దరువు గుర్తు తెచ్చుకుని బటన్లు నొక్కా. ఇంటికి కాల్ చేసి, హెడ్‌ఫోన్స్ ఫోన్ దగ్గర పెట్టా.

"లెక్క సరిగ్గానే ఉందిరా. కానీ దెబ్బలన్నీ ఒకేలా పడుతున్నాయి. ఎత్తుకునే దెబ్బ బరువుగా పడాలి."

నాబ్‌ని ఏసీ దగ్గరికి తిప్పా. ఏసీ అంటే యాక్సెంట్. మొదటి ఎరుపు బటన్ నొక్కి, దాని లెవెల్ పెంచా. దరువు లేచింది.

నాన్న ఏం మాట్లాడలేదు. ఫోన్‌లో టకటకమని చప్పుడు. టేబుల్ మీద ఆయన వేళ్లు.